లెక్కల మిషన్ ముందు మా ఊరి సాక్ష్యం

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నా అంగీ పట్టుకొని నిలదీయొద్దు. నేను పెంచి చెప్తాను. గుంటను చెరువంటాను, చెరువును సముద్రమంటాను. ఇది నాకు కొత్తగా పట్టిన జబ్బు కాదు. మా బాపు జీవితమంతా అన్నిటినీ తగ్గించి చెప్పాడు. పది బస్తాలు పండితే మూడన్నాడు, మూడు పండితే గింజ రాలలేదన్నాడు. ఆయన అట్లా కోసి పక్కన పడేసిందంతా ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా, అదంతా వచ్చి నా నోట్లో పడింది. కాబట్టి ఇందులో ఎక్కడైనా ఏనుగు ఎదురైతే దాన్ని బర్రె కింద జమకట్టుకొని ముందుకు పొండి. కోపం మాత్రం నికార్సైనది. దాన్ని పెంచలేదు. పెంచడానికి జాగా మిగల్లేదు.

అరవైల చివరి సంవత్సరాలు. నేను పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, చెరువులూ కాలువలూ చూసుకునే సర్కారు దఫ్తరులో ట్రేసర్‌ని. పెద్దవాళ్ళు గీసిన నక్షా మీద పలుచటి మైనపు బట్ట పరిచి, కింద కనిపించే గీతనే పైన మళ్ళీ గీసేవాడు ట్రేసర్. సొంత గీత ఒక్కటి గీసినా ఉద్యోగం పోతుంది. నా కుర్చీకి మూడు కాళ్ళుండేవి, నాలుగోది నాదే. పైన ఫ్యాను తిరిగేది కాదు గానీ, ఎవరైనా గట్టిగా తుమ్మితే ఊగేది.

మా ఊరు జడ్చర్లలో బస్సు దిగి ఒక పూట నడిస్తే వస్తుంది. ఊరికి ఒక చెరువు. పై ఊరి చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్ళు మాకు, మాది నిండి పారితే కింది ఊరికి. దండలో పూసల్లాగా ఒకదాని కింద ఒకటి. రెండు వానాకాలాల కింద ఒక గట్టి వానకు మా చెరువు కట్ట తెగింది. ఆ గండిలో రెండు ఎడ్లబండ్లు పక్కపక్కన, బండివాళ్ళు బీడీలు ఇచ్చిపుచ్చుకుంటూ పోవచ్చు. అప్పటి నుంచి చెరువులో నీళ్ళు ఆగడం లేదు. వరి పండిన మా పొలంలో బాపు ఆముదాలు వేసి, అవి మొలిచాయో లేదో వంగి వెతుక్కుంటున్నాడు.

ఆ రోజుల్లో మా వైపు కూలీలను పోగేసుకుపోయే మేస్త్రీలు తిరిగేవారు. దూర జిల్లాల్లో ఆనకట్టలు కడుతున్నారు, మట్టి మోసే మనుషులు కావాలి. పాలమూరు మనిషంటే తట్టా పారా అని దేశమంతటికీ ఎరుకే. మా ఊళ్ళో సగం ఇండ్లకు అప్పటికే తాళాలు పడ్డాయి. మేస్త్రీ మా బాపుకు కూడా కబురు చెప్పి పోయాడు. వచ్చే వానల లోపు గండి పూడితే బాపు ఊళ్ళో ఉంటాడు. పూడకపోతే తన తల్లిని, అంటే మా అవ్వను, నాకు అప్పగించి, అమ్మను వెంటబెట్టుకొని తట్ట పట్టుకొని పోతాడు. నా జీతం ఉంది కదా అంటే, నీ జీతంతో నువ్వు బతికితే అదే పది వేలు అనేవాడు. అంటే ఏమిటన్న మాట? మా ఊరి కట్టకు తట్టెడు మట్టి పోయని సర్కారు, పరాయి ఊరి కట్టకు మా బాపు నెత్తి మీద మట్టి మోయిస్తుంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా పెన్నులో సిరా వేడెక్కుతుంది.

తెగిన చెరువులన్నిటికీ సర్కారు దగ్గర పైసలు లేవు. కొన్నిటికే ఉన్నాయి. అంతకు ముందైతే ఏ పెద్దమనిషి ఇంట్లో కోడికూర బాగుంటే ఆ ఊరి కట్ట గట్టిపడేది. ఈసారి అట్లా కాదన్నారు. హైదరాబాదులో కంప్యూటర్ అనే లెక్కల మిషన్ వచ్చింది, దానికి చుట్టాలు లేరు, అది కోడిని తినదు, ఏ చెరువుకు నిజంగా నీళ్ళొస్తాయో అదే తేలుస్తుంది, తేల్చిన వాటికే మరమ్మతు అన్నారు. నేను సంబరపడ్డాను. మా చెరువంత బాగా నిండే చెరువు ఆ తాలూకాలోనే లేదు. న్యాయం జరిగితే చాలు, మేం గెలిచినట్టే.

మా ఇంజనీరు సారుతో పాటు నక్షాలు మోసుకొని నేనూ హైదరాబాదు పోయి ఆ మిషన్‌ను చూశాను. రైసు మిల్లంత ఉంది. దాని ముందర చెప్పులు విప్పించారు. అది ఎండ మొఖం ఎరగని జీవి, గదిలో చలి పెట్టి పెంచుతున్నారు. బయట రోడ్డు మీద డాంబరు కరిగి పారుతుంటే లోపల మిషన్ మనుషులు స్వెట్టర్లు తొడుక్కొని ముక్కులు చీదుతున్నారు. దాని తిండి చిల్లులు పొడిచిన అట్టముక్కలు. వాన ఇంత పడింది, నేల ఇంత తాగింది, ఎండకు ఇంత పోయింది, మిగిలింది పై చెరువులో చేరింది, అది నిండాక కింది చెరువుకు దిగింది అని అట్టల మీద చెప్తే చాలు. అది కాగితం మీదే చెరువులు నింపుతుంది, అలుగులు పారిస్తుంది, మళ్ళీ ఎండబెడుతుంది. దాన్ని నమూనా అంటారని సారు చెప్పాడు. అయితే నమూనా చెప్పేది నిజమో కాదో సరిచూసుకోవాలంటే, వెనకటి సంవత్సరాల్లో చెరువు నిజంగా ఎంత నిండిందో తెలియాలి. మా చెరువుకు ఎవడు కొలబద్ద పాతాడు గనక? ఊరివాళ్ళను అడిగి రాసుకోవడమే దారి.

సారు గోదావరి కాలువల పక్కన పుట్టిన పడుచువాడు. వాళ్ళ వైపు నీళ్ళు పిలవకుండానే పెరట్లోకి వస్తాయట. అందుకని నీళ్ళ గురించి మనిషి అబద్ధం ఆడతాడన్న సంగతి ఆయనకు తెలియదు. మేం జీపులో మా ఊరికి బయల్దేరాం. జీపు మమ్మల్ని మోసిన దూరం తక్కువ, మేం జీపును తోసిన దూరం ఎక్కువ. చావడి దగ్గర బాపూ, తక్కిన పెద్దలూ కూర్చున్నారు. నేను ఇంటి మనిషిని కాబట్టి పక్కకు నిలబడ్డాను. సారు కాగితం తీశాడు, పెన్ను మూత విప్పాడు. ఆ మూత విప్పిన చప్పుడు విన్నారు మావాళ్ళు. అంతే, చెరువు ఎండిపోయింది.

"చెరువు నిండుగా నిండటం మీరు ఎప్పుడు చూశారండీ?" అని అడిగాడు సారు.

"నిండుడా?" అన్నాడు మా బాపు. "నిండితె ఎట్లుంటదో మాకెరుక లేదు సారు. మా తాత చూసిండంటరు. ఆయన గూడ కలల చూసిండేమో."

పక్కనున్న పెద్దాయన తన ఎరుకలో చెరువులో కప్ప కూడా మునగలేదన్నాడు. ఇంకొకాయన అసలు అది చెరువే కాదు, మేకలు కట్టేసుకునే పల్లం అన్నాడు. సారు అంతా రాసుకొని, మరి నీళ్ళే రాని చెరువుకు కట్ట ఎట్లా తెగిందండీ అని అడిగాడు. ఎలుకలు తవ్వాయన్నారు. రెండు బండ్లు పట్టే గండి, ఎలుకలు. ఆ ఎలుకల్ని నాగలికి కట్టి దున్నుకోవచ్చు. సారు "ఎలుకలు" అని కూడా రాసుకున్నాడు.

నేను వెనక నుంచి బాపుకు సైగలు చేశాను. ఆయన నన్ను పొరుగూరి దొంగను చూసినట్టు చూశాడు. నాకు ఒళ్ళు మండింది గానీ, ఆయన సంగతి నాకు తెలియకపోలేదు. మా వైపు కాగితం, పెన్ను పట్టుకొని వచ్చి నీళ్ళ సంగతి అడిగినవాడు ఎవడైనా శిస్తు వేయడానికే వచ్చాడు. చెరువు నిండుతుందంటే వరి మడికి వేసే తరి శిస్తు, రెండో పంటకు కూడా అందుతాయంటే దాని మీద ఇంకొంత. నిజాం కాలంలో వచ్చిన పెన్ను, తర్వాత వచ్చిన పెన్ను, మావాళ్ళకు ఒకటే పెన్ను. దాని ముందర నీళ్ళు దాచడం మా ఊళ్ళో తాత నుంచి మనవడికి వచ్చే విద్య. గింజలు గుమ్మిలో దాస్తారు, నీళ్ళు నోట్లో దాస్తారు.

మిషన్ ఆ సాక్ష్యం తిన్నది. పై చెరువు నుంచి ఇంత రావాలని దాని నమూనా ఒకటి చెప్తుంటే, ఊరంతా ఏమీ రాలేదని వేలిముద్రలు వేసింది. మిషన్ ఊరినే నమ్మి, తన లెక్కను దించుకొని, ఈ చెరువుకు నీళ్ళు రావు, మరమ్మతు దండగ అని తేల్చింది. నేను ఆ కబురు మోసుకొని ఇంటికి పోయాను. బాపు కండ్లు మెరిశాయి. మిషన్ మంచిగ చెప్పిందన్నాడు. ఇంత తెలివైన వస్తువు హైదరాబాదులో ఉందా అన్నాడు. అమ్మను పిలిచి ఇంకోసారి చెప్పించుకున్నాడు. నీళ్ళు రాని చెరువుకు గండి పూడ్చరు బాపూ అన్నాను అప్పుడు. ఆయన చుట్ట నోట్లోకి పోకుండా మధ్యలోనే ఆగిపోయింది.

మర్నాడు ఊరి మగవాళ్ళంతా పాలమూరు వచ్చి మా దఫ్తరు మెట్ల మీద కూర్చున్నారు. తాము చెప్పింది తప్పనీ, భయానికి చెప్పామనీ, ఇప్పుడు నిజం చెప్తామనీ అన్నారు. సారు పాపం మళ్ళీ కాగితం తీశాడు. ఇక చూడండి. కప్ప మునగని చెరువులో తాటిచెట్లు మునిగాయి. అలుగు ఏటేటా దూకింది, దూకిన చప్పుడుకు పక్క ఊళ్ళో ఆవులు ఈనాయి. ఒక సంవత్సరం మొసలి కొట్టుకొచ్చి చావట్లో పండుకుంటే కట్టె పెట్టి లేపారు. మేకల పల్లం అన్న పెద్దాయనే తన ఇంటి అటకెక్కి చేపలు పట్టానన్నాడు. నేను పెంచి చెప్పేవాణ్ని కదా, ఆ పూట వాళ్ళ ముందు నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను.

సారుకు అనుమానం వచ్చింది. ఇది మిషన్‌కు పెట్టకూడదన్నాడు. ఆయన మీదున్న పెద్ద సారు మాత్రం, వేలిముద్రలున్న సాక్ష్యాన్ని పక్కన పెట్టడానికి నువ్వెవరయ్యా అన్నాడు. పెట్టారు. ఈసారి మిషన్ ఏం చెప్పిందో తెలుసా? ఆ చెరువుకు వచ్చే వరదకు ఏ కట్టా ఆగదు, ఊరే మునిగే జాగాలో ఉంది, ముందు ఊరిని లేపి ఇంకో చోట పెట్టండి అన్నది. పెద్ద సారు దానికి కూడా సంతకం చేయబోయాడు. నీళ్ళు లేవంటే గండి పూడ్చరు, నీళ్ళున్నాయంటే ఊరు పీకుతారు. ఆ రెంటికీ మధ్య మా ఊరు, మా బాపు, మేస్త్రీ. ఇంత చలి గది, ఇంత మిషన్, ఇన్ని అట్టముక్కలు, అన్నీ కలిసి ఒక గండి మీద తట్టెడు మట్టి వేయలేకపోయాయి. ఎండాకాలం మాత్రం ఎవరి సంతకం కోసమూ ఆగకుండా నడిచిపోతున్నది.

సారు అవమానంతో ఉడికిపోయాడు. ఎవరికీ చెప్పకుండా ఒక మధ్యాహ్నం నన్ను తీసుకొని మా ఊరికి వచ్చాడు. బాపు పొలంలో ఉన్నాడు. సారు మా ఇంటి అరుగు మీద కూలబడి, నీళ్ళు కూడా అడగలేదు. అవ్వే సల్ల ముంత తెచ్చి ఇచ్చింది. ఆమెకు సారు మీద కోపం లేదు, చెరువు మీద ఉంది. కట్ట తెగిన కాణ్నుంచి బతుకమ్మలను బావిలో వేస్తున్నామని, పూలన్నీ బొక్కెనల్లోకి వస్తున్నాయని, ఇదేం బతుకని తిట్టడం మొదలుపెట్టింది. బతుకమ్మ మా వైపు ఆడవాళ్ళ పండుగ. వానలు వెనక్కు పట్టే రోజుల్లో పూలు పేర్చి, ఆడి పాడి, చివరి రోజు చెరువు నీళ్ళలో వదులుతారు. పెద్ద కోడలు పెండ్లయి వచ్చిన ఏడు కట్ట మీద నిలబడే వదిలామని, నడిమి మనవరాలు పుట్టిన ఏడు మాత్రం చాకలి బండ దాటి అంత దూరం బురదలో పోవాల్సి వచ్చిందని ఆమె పాటికి ఆమె చెప్పుకుపోతున్నది.

సారు ముంత కింద పెట్టాడు. పెన్ను జేబులోంచి తీయలేదు, దాని మీద చెయ్యి వేసి ఇంకా లోపలికి నొక్కాడు.

"ఆ బండ ఎక్కడుందమ్మా?" అని అడిగాడు.

అవ్వ చెయ్యి చాపి చూపించింది. గోడలకవతల ఉన్నదాన్ని సారు ఎట్లా చూస్తాడు? నేను ముగ్గు పిండి డబ్బా తీసుకొని వాకిట్లో చెరువు గీశాను. ఇది కట్ట, ఇది తూము, ఇది అలుగు, ఇది చాకలి బండ. నా జీవితంలో కింద నక్షా లేకుండా గీసిన మొదటి గీత అది. పక్కింటి అత్త వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చారు. బండ అక్కడ కాదన్నారు. కాలితో చెరిపి మళ్ళీ గీయించారు. ఎవరి పెండ్లి ఏడు, ఎవరి కాన్పు ఏడు, ఎవరి మొగుడు జైలుకు పోయిన ఏడు బతుకమ్మ ఎక్కడ వదిలారో, ఆ ముగ్గు చెరువులోకి దిగి నిలబడి చూపిస్తుంటే, నేను వాళ్ళ కాళ్ళ దగ్గర, ఆ ఏటి నీళ్ళ అంచుకు గుర్తుగా, చింతగింజలు పెట్టుకుంటూ పోయాను. వాళ్ళు ఊరికే ఒప్పుకుంటారా? నీకు మతి ఉందా, ఆ ఏడు నా కొత్త కోక మోకాళ్ళ దాకా తడిసింది అని ఒకామె అంటే, నీ మోకాలు ఎక్కడుందో నీకు తెలిస్తే గద అని ఇంకొకామె అన్నది. అవ్వ ఇద్దరినీ తిట్టింది. గింజలు ముందుకూ వెనక్కూ జరిగాయి.

తిరిగి వచ్చేటప్పుడు సారు జీపు తోస్తూ ఒక మాట అన్నాడు. "వీళ్ళ లెక్కలూ తప్పేనండీ. కానీ ఒకరు పైకి తప్పితే ఒకరు కిందికి తప్పుతున్నారు. మీ మగాళ్ళంతా కలిసి ఒకే వైపుకి లాగుతారు. ఆ లాగుడికి మిషన్ ఏం చేస్తుందండీ." ఆడవాళ్ళను శిస్తు గురించి ఎవడూ ఏనాడూ అడగలేదు. అందుకే వాళ్ళకు నీళ్ళు దాచే అలవాటు కాలేదు. అంతే.

కానీ అంతకు ముందే, మేం ఇంకా వాకిట్లో ఉండగానే బాపు పొలం నుంచి వచ్చాడు. వాకిలి నిండా చెరువు. చెరువు నిండా చింతగింజలు. ఆయనకు చదువు రాదు గానీ ఆ నక్షా ఒక్క చూపులో చదివాడు. అవ్వ దిక్కు తిరిగాడు.

"తాతల కాన్నుంచి దాసిన నీళ్ళు గిట్ల వాకిట్ల పరిసినవు గదనే అవ్వా," అన్నాడు.

"నేను నీళ్ళ ముచ్చట ఏడ చెప్పిన?" అన్నది అవ్వ. "బతుకమ్మ ముచ్చట చెప్పిన."

బాపు చీపురు తెచ్చి వాకిలంతా ఊడ్చాడు. అప్పటికే నా ట్రేసింగ్ బట్ట మీద చెరువు ఎక్కింది. ఆ గింజల లెక్క అట్టల మీద పొడిస్తే, మిషన్ మొదటి నుంచీ చెప్పాలనుకున్న లెక్కా, ఆడవాళ్ళ లెక్కా ఒకదాని పక్కన ఒకటి కుదురుగా నిలబడ్డాయి. చాలా ఏండ్లు చెరువు నిండుతుంది, ఎప్పుడో ఒకసారి అలుగు గట్టిగా పారుతుంది, ఊరు మునగదు, గండి పూడ్చదగినదే అని తేలింది. పెద్ద సారు సంతకం చేశాడు. ఎండలు ముదిరిన రోజుల్లో పని మొదలైంది. బాపు తట్ట పట్టుకున్నాడు, మేస్త్రీ వెంట కాదు, తన ఊరి కట్ట మీద. గండి మూసుకుంది. ఆ వానాకాలం చెరువు నిండింది, అలుగు పారింది. నేను ఊరికి పోయేసరికి బాపు అలుగు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, నీ మిషన్ నిజమే చెప్పిందిరా అని భుజం మీద చెయ్యి వేశాడు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ నాకు కోపం వచ్చింది ఇక్కడ కాదు, ఆ చోటు ఇంకా ముందున్నది.

వరి కోతల నాటికి ఊళ్ళోకి ఇంకో జీపు వచ్చింది. ఇది తోయకుండానే నడిచేది. అందులోంచి రెవెన్యూ మనిషి దిగాడు. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారిని పక్కన కూర్చోబెట్టుకొని, టైపు కొట్టిన కాగితం చదివాడు. సర్కారు వారి శాస్త్రీయ లెక్కల ప్రకారం మీ చెరువు చాలా ఏండ్లు నిండుతున్నది, యాసంగికి కూడా నీళ్ళు మిగులుతున్నాయి, కాబట్టి దాని కింది పొలాలన్నిటికీ రెండు పంటల శిస్తు అన్నాడు. అది మా లెక్క. మా అవ్వ లెక్క. మా పక్కింటి అత్త తడిసిన కోక లెక్క. నా దఫ్తరు నుంచి ఒక పెన్సిలు కావాలని రాస్తే ఆ కాగితం టేబుళ్ళ మీద తిరిగి తిరిగి ముసలిదై చచ్చేది. గండి పూడ్చండి అన్న కాగితానికి రెండు వానాకాలాలు పట్టింది. ఈ ఒక్క కాగితం మాత్రం, ఏ బంట్రోతూ మోయకుండా, మా బిల్డింగు నుంచి వాళ్ళ బిల్డింగుకు ఎగిరిపోయింది. మరమ్మతు కోసం అడిగిన నీళ్ళను శిస్తు కోసం వాడుకోవడమేమిటని నేను దఫ్తరులో అరిచాను. మూడు కాళ్ళ కుర్చీ పడిపోయింది. పెద్ద సారు చాలా శాంతంగా, లెక్క తప్పా అని అడిగాడు. తప్పు కాదన్నాను. మరి నీ బాధేమిటన్నాడు. గోదావరి సారు తల వంచుకొని, తాను పైకి మాత్రమే పంపానన్నాడు. పైకి పోయింది పక్కకు ఎట్లా వచ్చిందో ఆయనకూ తెలియదు.

నా బాధ ఇదీ. మా బాపు భయం మోటు భయమని, చదువు లేని భయమని నేను లోలోపల నవ్వుకున్నాను. లోకంలో నిజం చెప్తే మేలు జరుగుతుందని ఒక చలి గది మిషన్‌ను చూసి నమ్మాను. ఆ మిషన్ తప్పు చేయలేదు. అది ఎవరికీ ఏమీ దాచుకోవడం రాని పిచ్చిది, మా అవ్వ లాంటిది. దాని నోట్లోంచి వచ్చిన నీళ్ళను ఎవరు దోసిలి పట్టారన్నదే సంగతి. ఆ దోసిలి మీద నాకు ఇన్నేండ్ల తర్వాత కూడా కోపం పోలేదు. బాపు శిస్తు కట్టాడు, ఊళ్ళోనే ఉన్నాడు, మేస్త్రీ వెంట పోలేదు. అది గెలుపే. కానీ ఆ తర్వాత జనాభా లెక్కలవాడు వచ్చి ఇంట్లో ఎందరుంటారని అడిగితే, అమ్మా అవ్వా వాకిట్లో కూర్చొని ఉండగానే, ఎవ్వరూ ఉండరు అన్నాడు మా బాపు.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఎలుకలను నేను కల్పించలేదు, అవి చావడిలోనే పుట్టాయి. మొసలి కూడా మావాళ్ళదే, నాది కాదు. మిషన్‌ను కొంచెం లావు చేశాను, జీపును కొంచెం ఎక్కువ తోశాను. అవన్నీ మామూలే. ఉత్తగా కల్పించింది ఒక్కటే. అలుగు దగ్గర బాపు నా భుజం మీద చెయ్యి వేయలేదు. మిషన్ నిజం చెప్పిందని అనలేదు. నేను పోయేసరికి ఆయన నాకు వీపు చేసి నిలబడ్డాడు. నీళ్ళు ఆయన మోకాళ్ళ మీది నుంచి దూకుతున్నాయి. నేను వెనకే నిలబడి, ఏమన్నా అంటాడేమోనని చాలాసేపు చూశాను. చివరికి తల తిప్పకుండానే అన్నాడు.

"చెరువు నిండిందని ఎవ్వరికి చెప్పకు."